గొరా అంటే కొండా, అడవా?

రష్యన్‌లో కొండని గొరా అంటారు (రాసేది గొరా, పలికేది గరా). పోలిష్‌లో అదే గూరా. ఉక్రేనియన్, చెక్, స్లోవాక్ భాషల్లో మొదటి ‘గ’ కాస్తా ‘హ’ అయిపోయి హొరా. ఈ ధైర్యంతో బల్గేరియా వెళ్లి గొరా అన్నారంటే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే అక్కడ వాడుకలో గొరా అంటే అడవి, కొండ కావాలంటే ప్లనినా అనాలి. స్రెద్నా గొరా అనే కొండల వరస పేరులో మాత్రం పాత అర్థం ఇంకా మిగిలే ఉంది. స్లోవాకియాలోనూ పుట్టగొడుగుల కోసం ‘హొరాకి’ వెళ్తారు, అంటే అడవికే.

ఈ మాట మనకి దూరపు చుట్టమే. భువనగిరి, ఉదయగిరి పేర్లలోని సంస్కృత ‘గిరి’, పాత ఇరాన్ భాష అవెస్తాలోని ‘గైరి’, రష్యన్, పోలిష్ లాంటి స్లావిక్ భాషల ‘గొరా’ అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చినవి. అలాగని వాట్సాప్ ఫార్వర్డుల్లో చెప్పినట్టు స్లావులు సంస్కృతం నుంచి ఎత్తుకెళ్లింది కాదు, వీటన్నిటికీ అమ్మమ్మ ఒకరే, అంతే. లిథువేనియన్‌లో ఈ కుటుంబపు మాటే ‘గిరియా’, కానీ దానికీ అర్థం అడవి!

నా లెక్కలో కొండ అర్థమే ముందుది. మైదానంలో చెట్లు కొట్టి పొలాలు చేసుకున్నాక అడవి మిగిలేది గుట్టల మీదే కదా, కట్టెలకి కొండకి వెళ్లడమంటే అడవికి వెళ్లడమే. మనం మాత్రం తక్కువ తిన్నామా? నల్లమల అంటే నల్ల కొండ, అయినా నల్లమల అనగానే కళ్ల ముందుకొచ్చేది అడవే. యూరప్‌లోని మాంటెనెగ్రో దేశాన్ని అక్కడివాళ్లు పిలుచుకునే పేరు ‘త్స్‌ర్నా గొరా’, అచ్చంగా నల్లమలే! దట్టమైన అడవి వల్ల నల్లగా కనిపించే కొండలని ఆ పేరు పెట్టారంటారు. దాన్నే వెనిస్ వాళ్లు తమ భాషలోకి మార్చుకుంటే మాంటెనెగ్రో అయింది.

ఇక ప్లనినా కథ పూర్తిగా తిరగబడింది. దాని మూలానికి అర్థం చెట్లు లేని బయలు. స్లొవేనియాలో ఇప్పటికీ ప్లనినా అంటే ఎండాకాలం ఆవుల్ని తోలుకెళ్లే కొండమీది పచ్చిక. ఉక్రెయిన్‌లోని కార్పేథియన్ కొండల్లో అదే మాట పొలొనినా, అక్కడా గొర్రెలు మేసే చోటే. సెర్బియా, బల్గేరియాల్లో మాత్రం ఆ పచ్చిక పేరే మొత్తం కొండకి అంటుకుపోయింది.