చంటిబిడ్డ నిద్ర, చుట్టాలు, ప్రయాణాలు: అపోహలు - వాస్తవాలు

ఖమ్మంలో చిన్నపిల్లల డాక్టరుగా పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలు కాన్పుకు ఇక్కడి పుట్టింటికి వస్తారు, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను ఎత్తుకుని తిరిగి వెళ్తారు. ఈ మధ్య వాళ్లు నన్ను జ్వరం, విరేచనాల గురించి కంటే నిద్ర గురించే ఎక్కువగా అడుగుతున్నారు. ఒక పక్క అమ్మమ్మ, నానమ్మ చెప్పే మాటలు, ఇంకో పక్క ఫోన్‌లో వీడియోలు. మధ్యలో నలిగిపోయేది తల్లి. ఆమె కోసమే ఇది రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు కూడా పక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది.

అపోహ: రాత్రి ఊరికే లేస్తున్నాడంటే తల్లికి పాలు చాలడం లేదు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. నెలల బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ ముక్కలు ముక్కలుగా. పొట్ట చిన్నది, తల్లిపాలు తొందరగా అరుగుతాయి, రెండు మూడు గంటలకోసారి ఆకలేస్తుంది. పగలేదో రాత్రేదో శరీరానికి తెలియడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. కాబట్టి లేవడం లోపం కాదు.

పాలు చాలుతున్నాయో లేదో నిద్రను బట్టి చెప్పలేం. మూత్రాన్ని, బరువును చూడాలి. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తోందా? రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వచ్చిందా? ఆ తర్వాత రోజుకు 20-30 గ్రాముల చొప్పున పెరుగుతోందా? అయితే పాలు చాలుతున్నాయి.

"రాత్రికి ఒక సీసా డబ్బా పాలు పట్టు, తెల్లారేదాకా లేవడు" అని ప్రేమతోనే చెబుతారు. కానీ పాలు తయారవడానికి కావాల్సిన ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. బిడ్డ రాత్రి చీకడం మానేస్తే కొన్నాళ్లకు పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు "చూశావా, ముందే చెప్పాను" అంటారు. లేని లోటును మనమే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది.

అపోహ: సందెవేళ ఆపకుండా ఏడిస్తే దిష్టి తగిలినట్టే

రెండో వారంలో మొదలై, ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గే ఏడుపు ఒకటుంది. బిడ్డ పాలు తాగుతూ, బరువు పెరుగుతూ ఉంటే అది జబ్బు కాదు. దిష్టి తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పొగ మాత్రం బిడ్డ దగ్గరికి రానివ్వకండి. సాంబ్రాణి పొగకీ ఇదే మాట.

ఏడుపు మాన్పించాలని గ్రైప్ వాటర్, వసకొమ్ము, ఆముదం, తేనె నోట్లో వేయడం మాత్రం వద్దు. ముఖ్యంగా తేనె. అందులో ఉండే కొన్ని సూక్ష్మజీవులు ఏడాది లోపు బిడ్డ పేగుల్లో పెరిగి, కండరాలను చచ్చుబడేసే విషాన్ని తయారుచేయగలవు. ఏడాది నిండేదాకా నాలుకకు రాయడం కూడా వద్దు. ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా, ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా, పాలు పట్టకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: బోర్లా పడుకోబెడితే హాయిగా నిద్రపోతాడు

గాఢంగా నిద్రపోయే మాట నిజమే. ప్రమాదమూ అందులోనే ఉంది. ఊపిరి అందనప్పుడు మేలుకుని తల తిప్పుకునే శక్తి చంటిబిడ్డకు తక్కువ. అమెరికాలో 1994 నుంచి బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టమని పెద్దఎత్తున ప్రచారం చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో నిద్రలో హఠాత్తుగా జరిగే శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కాబట్టి పగలైనా రాత్రైనా వెల్లకిలా, గట్టి పరుపు మీద. దిండు వద్దు, ఆవాల దిండు కూడా వద్దు. తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లముందు కాసేపు బోర్లా వేయండి.

తల్లి గదిలోనే, విడిగా ఒక పక్క వేయడం అన్నిటికంటే క్షేమం. నేల మీద చాప, దాని మీద పలుచని బొంత పరిచినా సరిపోతుంది. ఒకే మంచం మీద తప్పకపోతే మెత్తటి దిండ్లు, బరువైన దుప్పట్లు తీసేయండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను పక్కలో వేసుకోవద్దు. మందు తాగినవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు, నిద్రమాత్రలు వేసుకున్నవాళ్లు పక్కన ఉండకూడదు. సోఫాలో బిడ్డను పట్టుకుని కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదం.

చీర ఉయ్యాల సంగతి కూడా చెప్పాలి. అందులో నెలల బిడ్డ మెడ వంగి, గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి అడ్డు రావచ్చు. ఊపి నిద్రపుచ్చండి, ఎదురుగా ఒకరు ఉండండి, నిద్రపోగానే చదునైన పక్క మీదికి మార్చండి.

అపోహ: నిద్ర అలవాటు చేయడమంటే తలుపేసి ఏడిపించడం

డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్లిన ఒక అమ్మమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చారు. "బిడ్డను వేరే గదిలో పడేసి ఏడుపు వింటూ కూర్చుంటున్నారమ్మా, నన్ను వెళ్లనివ్వరు" అని. బిడ్డకు మూడు నెలలు. అమ్మమ్మ బాధ సరైనదే. ఆ వయసులో బిడ్డ ఆకలికో, భయానికో, ఒంటరితనానికో ఏడుస్తుంది, మనం వెళ్లాలి. ఎత్తుకుంటే చెడిపోయే వయసు కాదు.

కూతురి వైపు కూడా ఆలోచించాలి. ఆమెకు ఉద్యోగం ఉంది, రాత్రికి మూడు గంటల నిద్ర కూడా లేదు. ఆరు నెలలు దాటి, బరువు బాగున్న బిడ్డకు మెల్లగా అలవాటు చేస్తే తప్పేం లేదు. మెల్‌బోర్న్‌లో ఏడు నెలల వయసులో నిద్ర సమస్యలున్న 326 మంది పిల్లలను ఆరేళ్ల వయసు దాకా గమనించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మెల్లగా నిద్ర అలవాటు చేయించిన ఇళ్ల పిల్లలకూ మిగతా పిల్లలకూ మనసు విషయంలో, తల్లితో అనుబంధం విషయంలో తేడా కనిపించలేదు. ఆరేళ్లకు నిద్రలోనూ తేడా లేదు. అంటే హాని లేదు, జీవితాంతం ఉండే లాభమూ లేదు. ఆ కొన్ని నెలలు తల్లికి కాస్త ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది, అంతే. చేయని తల్లి ఏదో పోగొట్టుకున్నట్టు కాదు.

పద్ధతి చాలా మామూలుది. రోజూ ఒకే వేళకు, ఒకే వరసలో: ఒళ్లు తుడిచి బట్టలు మార్చడం, పాలు, దీపం తగ్గించడం, జోల. కళ్లు మూతలు పడుతుండగా, పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద వేయాలి. ఏడిస్తే పక్కనే కూర్చుని జోకొట్టాలి. రోజులు గడిచేకొద్దీ జోకొట్టడం తగ్గించి, చేయి తీసి, కాస్త దూరం జరగాలి. వేరే గది అక్కర్లేదు.

ఆ అమ్మమ్మను ఒకటి అడిగాను. "మీ పిల్లల్ని ఎలా నిద్రపుచ్చారు?" నూనె రాసి, నలుగుపెట్టి, నీళ్లు పోసి, పాలిచ్చి, ఉయ్యాల్లో వేసి పాడేదాన్నని చెప్పారు. రోజూ అదే వేళకు, అదే వరసలో. కూతురు ఇంగ్లిష్‌లో చదివి నేర్చుకున్నదీ చాలావరకు అదే. ఇద్దరూ కలిసి ఆ వరస మొదలుపెట్టారు. తలుపేయడం మానేశారు.

జ్వరం, టీకా రోజులు, పుట్టింటి నుంచి అత్తింటికి మారిన మొదటి రెండు వారాలు ఈ ప్రయత్నం పెట్టుకోకండి.

అపోహ: చూడ్డానికి వచ్చిన చుట్టాల్ని ఎత్తుకోవద్దంటే అవమానించినట్టు

కోరింత దగ్గు టీకా మొదటి డోసు ఆరో వారంలో, తర్వాత పదో, పద్నాలుగో వారాల్లో వేస్తాం. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక. ఇరవయ్యొకటో రోజు బారసాలకు వందమందిని పిలిస్తే ఆ బిడ్డకు వీటిలో ఏ రక్షణా లేదు. పెద్దవాళ్లకు మామూలు దగ్గులా ఉండే జబ్బు చంటిబిడ్డకు ప్రాణం మీదికి రావచ్చు. దగ్గు, జలుబు, పెదవి మీద నీటి పొక్కు ఉన్నవాళ్లు దూరం నుంచి దీవించాలి. మిగతావాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుని ఎత్తుకోవచ్చు, ముద్దులు వద్దు. ఈ మాట కోడలు చెబితే గొడవవుతుంది. అందుకే బిడ్డ తండ్రి చెప్పాలి, లేదా డాక్టరు కచ్చితంగా చెప్పారనండి.

అపోహ: ప్రయాణానికి ముందు కాస్త జలుబు మందు వేస్తే దారిపొడవునా నిద్రపోతాడు

దయచేసి ఈ పని చేయకండి. మత్తు వచ్చే మందు చంటిబిడ్డ ఊపిరిని మందగింపజేయగలదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. ఇంట్లో అన్నకో అక్కకో రాసిన సీసాలోంచి ఒక మూత పోసి తెచ్చిన ఇద్దరు పిల్లల్ని నేనే చూశాను.

పుట్టువెంట్రుకలకు తిరుమల వెళ్లాలంటే మూడు టీకాల విడతలూ అయ్యాక వెళ్లండి. రైల్లో ఐదేళ్ల లోపు పిల్లలకు బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు, కానీ ఒకే బెర్త్ మీద తల్లీబిడ్డా రాత్రంతా ఇరుక్కుని పడుకోవడం మంచిది కాదు. ఇద్దరు పెద్దవాళ్లు వంతులవారీగా మేలుకోవాలి. కారులో ముందు సీట్లో ఒడిలో కూర్చోబెట్టకండి. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటులోనే కూర్చోబెట్టాలి. బండి మీదైతే తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు హెల్మెట్, బెల్టు ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం మించకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. హెల్మెట్ పట్టని వయసు బిడ్డను అసలు బండెక్కించకండి.

విమానం దిగేటప్పుడు పాలిస్తే గుటకలు వేస్తుంది, చెవినొప్పి తగ్గుతుంది. అమెరికా నుంచి వస్తున్నవాళ్లు బయల్దేరే ముందు అక్కడి డాక్టరుతో తట్టు టీకా గురించి మాట్లాడండి. విదేశాలకు వెళ్లే బిడ్డలకు అక్కడ ఆరు నెలల నుంచే ఒక డోసు ఇస్తారు. పది, పదకొండు గంటల తేడా సర్దుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. పొద్దున్నే బిడ్డను వెలుతురులో తిప్పండి. రాత్రి లేచినా లైటు వేయకుండా, ఆడించకుండా పాలిచ్చి పడుకోబెట్టండి. ఆ వారంలో చుట్టాల ఇళ్లకు భోజనాలు పెట్టుకోకండి.

అపోహ: బాలింతకు నిద్ర లేకపోవడం మామూలే, అందరూ పడ్డదే

రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా తండ్రో, అమ్మమ్మో బిడ్డను చూసుకుని, పాలకు మాత్రమే తల్లి దగ్గరికి తెస్తే చాలా ఇళ్లలో పరిస్థితి మారుతుంది. బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టని తల్లి, రెండు వారాలుగా ఊరికే ఏడుస్తున్న తల్లి, బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదనే తల్లి ఉంటే అది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, వైద్యంతో తగ్గుతుంది. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆమె తనంతట తాను చేయలేకపోవచ్చు. పక్కనున్నవాళ్లు నంబరు కలిపి ఇవ్వండి, ఆమె మాట్లాడేంతసేపు బిడ్డను ఎత్తుకోండి.