తవ్వి చూడకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

"గడ్డి విత్తనాలు చల్లి ఆరు రోజులైంది. ఒక్క మొలకా కనబడలేదు. ఓ మూల తవ్వి చూడమంటారా?" అని అడిగారు. వద్దు. ముందు మీరు చల్లింది ఏ గడ్డో పొట్లం మీద చూడండి. రై గడ్డి అయితే 5 నుంచి 10 రోజుల్లో వస్తుంది. బెర్ముడా గడ్డి వెచ్చటి నేలలో 7 నుంచి 14 రోజులు తీసుకుంటుంది, నేల చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. కెంటకీ బ్లూగ్రాస్ అయితే రెండు వారాల దాకా దాని ఊసే ఎత్తకండి.

విత్తనాన్ని పసిపాప అనుకోండి. ముందు పక్క సర్దాలి. నేలను 10-15 సెంటీమీటర్ల లోతు గుల్ల చేసి, పెళ్లలు చితగ్గొట్టి, రాళ్లు ఏరి, దంతెతో చదును చేయాలి. గుంట మిగిలితే అక్కడ నీరు నిలిచి విత్తనం కుళ్లిపోతుంది.

బెర్ముడా విత్తనం నలుసంత ఉంటుంది, చదరపు మీటరుకు 5-10 గ్రాములు చాలు. పొడి ఇసుకలో కలిపి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లితే ఎక్కడా ఖాళీ పడదు. ఒత్తుగా రావాలని గుప్పెళ్లతో పోస్తే మొలకలు ఇరుక్కుని, గాలి ఆడక నారుకుళ్లు తగులుతుంది.

ఇక దుప్పటి. అర సెంటీమీటరు మన్ను మించకూడదు. విత్తనం తన కడుపులో దాచుకున్న తిండి అయిపోయేలోగా వెలుతురు చేరాలి, లోతుగా కప్పితే దారిలోనే సొమ్మసిల్లుతుంది.

తర్వాత పాలు పట్టడం, అంటే నీళ్లు. కొంచెం కొంచెంగా, ఎండ ఉంటే రోజుకు రెండు మూడు సార్లు, సన్నటి తుంపరగా. గొట్టంతో ధార కొడితే విత్తనాలన్నీ కొట్టుకుపోయి ఒకచోట కుప్పపడతాయి.

పాపకు పాలు ఆలస్యమైతే ఏడ్చి చెబుతుంది. విత్తనం చెప్పదు. పొడిగా ఉన్నన్నాళ్లు నెలల తరబడి నిద్రపోగలదు కానీ, ఒకసారి నీరు తాగి వేరు బయట పెట్టాక మళ్లీ నిద్రలోకి వెళ్లలేదు. అప్పుడు ఒక్క మండుటెండ పూట ఆరినా చచ్చిపోతుంది. తవ్వొద్దన్నది అందుకే. మీరు ఎత్తి చూసేది ఆ తెల్లటి, నూలుపోగులాంటి వేరునే.

ఆగలేకపోతే పొట్లంలో మిగిలిన వాటిలోంచి 10 గింజలు తడిగుడ్డలో చుట్టి వెచ్చటి చోట పెట్టండి. గుడ్డ ఆరనివ్వకండి. గడువు దాటినా సగం కూడా మొలవకపోతే విత్తనం పాతదన్నమాట, లోపం మీది కాదు.

మొలకలు వేలెడు ఎత్తు వచ్చాక నీళ్లు పెట్టే సార్లు తగ్గించి, పెట్టినప్పుడు లోతుగా తడపండి. వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. కలుపును చేత్తోనే పీకండి, కలుపు మందు జోలికి వెళ్లకండి. నాలుగు సార్లు కోత పడేదాకా లేత గడ్డి దాన్ని తట్టుకోలేదు. 7-8 సెంటీమీటర్లు పెరిగాక, నేల ఆరి ఉన్న రోజున, పదునైన బ్లేడుతో పైన మూడో వంతు మాత్రమే కోయండి. మొద్దు బ్లేడు మొలకల్ని వేళ్లతో సహా లాగేస్తుంది.

తల కోస్తే గడ్డి చచ్చిపోదా అని అడుగుతారని తెలుసు. లేత ఆకు ఒకటి చూసుకుని, మొదట్లో ఒక సిరాచుక్క, కొన దగ్గర ఒక చుక్క పెట్టండి. నాలుగు రోజుల తర్వాత వెళ్లి, చుక్కల పైన కొత్త ఆకు పుట్టిందో, కిందనో చూసి నాకు రాయండి.

మీ
తాతయ్య