ఇంటి చాక్లెట్ వ్యాపారం: శ్రీకాకుళంలో నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

శ్రీకాకుళంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని చాక్లెట్లు చేసి అమ్ముతుంటాను. "మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం అక్కా" అంటూ ఫోన్ చేసేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. దాదాపు అందరూ ముందు అడిగేది రెసిపీ. ఈ పనిలో అన్నింటికన్నా తేలికైనది అదే. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మార్చి దాటితే మన గదుల్లో మధ్యాహ్నం వేడి అంతకు తక్కువ ఉండదు. పైగా సముద్రం గాలి, ఏడాది పొడవునా చెమ్మ. ఇక్కడ చాక్లెట్ చేయడమంటే సగం వంట, సగం వాతావరణంతో బేరం. కింద రాసినవన్నీ ఆ దృష్టితో చదవండి.

అపోహ: అచ్చులు, ఒక కాంపౌండ్ స్లాబు, స్టవ్వు ఉంటే చాక్లెట్ వ్యాపారం మొదలైనట్టే.

మొదలవుతుంది, కాదనను. కానీ మీరు అమ్ముతున్నది ఏమిటో ముందు మీకు తెలియాలి. అసలు చాక్లెట్‌లో ఉండే కొవ్వు కోకో బటర్. కాంపౌండ్‌లో దాని బదులు పామ్ కెర్నెల్ లాంటి నూనెల నుంచి తీసిన వెజిటబుల్ ఫ్యాట్ వేసి, కోకో పొడి, పంచదార కలుపుతారు. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదివితే తెలిసిపోతుంది. నోట్లో వేసుకున్నా తెలుస్తుంది: కోకో బటర్ నాలుక మీద పూర్తిగా కరుగుతుంది, కాంపౌండ్ అంగిలికి మైనంలా పల్చగా అంటుకుంటుంది.

కాంపౌండ్ అంటే కల్తీ అని కొందరు తీసిపారేస్తారు. అదీ తప్పే. కాస్త ఎక్కువ వేడి తట్టుకుంటుంది, టెంపరింగ్ (లెక్క ప్రకారం కరిగించి చల్లార్చే పని, కింద చెబుతాను) అక్కర్లేదు, ధర చాలా తక్కువ. స్కూలు పిల్లల పుట్టినరోజు చాక్లెట్లకు, కేకు మీద అలంకరణకు నిక్షేపంగా వాడుకోవచ్చు. దాన్నే రంగు కాగితంలో చుట్టి "ప్యూర్ డార్క్ చాక్లెట్" అని అమ్మడమే మోసం. ఇది మన ఊళ్లలో చాలా జరుగుతోంది, చేసేవాళ్లలో సగం మందికి తాము చేస్తున్నది తప్పని కూడా తెలియదు.

ఇంకో సంగతి. ఖర్చు కలిసొస్తుందని కాంపౌండ్, అసలు చాక్లెట్ సగం సగం కలిపేవాళ్లున్నారు. ఆ రెండు కొవ్వులకూ పడదు. ముక్క మెత్తబడుతుంది, కొద్ది రోజులకే పైన తెల్లటి పొర వస్తుంది. ఏదో ఒకటే వాడండి, గిన్నెలు కూడా విడిగా పెట్టుకోండి.

అపోహ: టెంపరింగ్ పెద్ద కంపెనీల పని, మనకెందుకు?

ఇక్కడ కాసేపు ఆగాలి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనివల్లే: "అక్కా, గట్టిపడలేదు", "అచ్చు నుంచి రావట్లేదు", "మెరుపు లేదు", "పట్టుకోగానే వేలికి అంటుకుంటోంది".

నెయ్యి చల్లారే తీరును బట్టి ఒకసారి పూస కడుతుంది, ఒకసారి నున్నగా పేరుకుంటుంది కదా. కోకో బటర్ కూడా అంతే, చల్లారిన పద్ధతిని బట్టి ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. అందులో ఐదో రకం ఒక్కటే మనకు కావాలి. మెరుపు, విరిచినప్పుడు టక్కుమనే చప్పుడు, అచ్చు నుంచి సులువుగా ఊడి రావడం, అన్నీ దానివల్లే. ఆ రకాన్ని రప్పించడమే టెంపరింగ్.

డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల వరకు కరిగించి, 27-28కి దించి, మళ్లీ 31-32కి తేవాలి. మిల్క్ చాక్లెట్‌ అయితే 45 దాటనివ్వకండి, దించడం 26-27కి, చివరికి 29-30 చాలు. ఇంటి స్థాయిలో తేలికైన దారి: చాక్లెట్‌ను సన్నగా తరిగి మూడింట రెండు వంతులు కరిగించండి, మిగతా వంతు కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి, 32కి రాగానే కరగని ముక్కలు తీసేయండి. కత్తి మొన ముంచి పక్కన పెడితే ఐదారు నిమిషాల్లో చారలు లేకుండా గట్టిపడాలి. లేదంటే ఇంకా కలపాలి. కొన్ని వందల రూపాయలకు డిజిటల్ థర్మామీటరు దొరుకుతుంది. అది కొనకుండా చేత్తో తాకి చూసి చెప్పేస్తానంటే మీ ఇష్టం.

నీళ్లంటే మాత్రం భయపడండి. డబుల్ బాయిలర్ (వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించడం) ఆవిరి నుంచి పడే రెండు చుక్కలు చాలు, గిన్నెడు చాక్లెట్ ముద్దకట్టి గరుకైపోతుంది. కేకులకు వాడే లిక్విడ్ రంగులు, ఎసెన్సులతోనూ ఇదే గొడవ. నూనెలో కలిసే రంగులే కొనాలి. అచ్చుల విషయానికొస్తే, మెరుపు కావాలంటే సిలికాన్ కాదు, పాలికార్బనేట్. వాటిని పీచుతో తోమకండి, దూదితో తుడవండి.

అపోహ: ఫ్రిజ్ ఉంది కదా, ఏసీ దండగ.

పోసిన అచ్చును పది పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టడం వేరు, తయారైన సరుకును ఫ్రిజ్‌లో దాచడం వేరు. చల్లటి చాక్లెట్ మన గాలిలోకి రాగానే దాని మీద చెమ్మ పడుతుంది. ఆ నీటిలో పైనున్న పంచదార కరిగి, ఆరిపోయాక తెల్లగా, గరుకుగా పేరుకుంటుంది. కొన్నవాళ్లు బూజు అనుకుంటారు. వేడికి కోకో బటర్ పైకి తేలి వచ్చే తెలుపు ఇంకోటి. తేడా కావాలంటే వేలితో రుద్దండి: జిడ్డుగా పోతే కొవ్వు, గరుకుగా నిలిస్తే పంచదార. రెండూ తిన్నా ప్రమాదం లేదు, కానీ డబ్బులిచ్చినవాళ్లకు ఆ మాట చెప్పి ఒప్పించడం మన తరం కాదు.

అందుకే కావలసింది 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండే గది, తేమ 50 శాతం దగ్గర. చిన్న గది, ఒక టన్ను ఏసీ, గోడకు తేమ చూపించే మీటరు. పెద్ద హాలు కన్నా పది అడుగుల గదే మేలు, కరెంటు బిల్లు చూశాక మీరే అంటారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. చాక్లెట్లు బాగా అమ్ముడయ్యే దసరా, దీపావళి రోజులే తుపాన్ల కాలం కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీకి పలాస, ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టరు మీద ఏసీ నడవదు. కాబట్టి పండగ సరుకంతా ముందే చేసి అట్టపెట్టెల్లో పేర్చకండి. ముడి చాక్లెట్‌ను గాలి చొరని సంచిలో స్లాబులుగానే ఉంచండి. స్లాబు కరిగినా మళ్లీ టెంపర్ చేసుకోవచ్చు. క్రీము నింపిన చాక్లెట్ కరిగితే ఇక అది మీదీ కాదు, కస్టమరుదీ కాదు.

అపోహ: పలాస జీడిపప్పు చేతికందే దూరంలో ఉంది, సగం పని అయిపోయినట్టే.

జీడిపప్పు మనకు పెద్ద బలమే. కానీ చాక్లెట్ లోపలికి పెద్ద గుళ్లు అనవసరం, బద్ద, ముక్క చాలు, ధరలో బోలెడు తేడా. చూడాల్సింది తాజాదనం. పాతబడి నూనె వాసన కొట్టే పప్పు ఒక్క గుప్పెడు పడితే బ్యాచ్ అంతా పోయినట్టే. దోరగా వేయించి, పూర్తిగా చల్లారాకే కలపండి. గోరువెచ్చగా వేస్తే టెంపరింగ్ విరిగిపోతుంది.

అపోహ: అనకాపల్లి బెల్లం వేస్తే ఆరోగ్యం, షుగరున్నవాళ్లూ తినొచ్చు.

బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. షుగరున్నవాళ్లకు అది మినహాయింపు కాదు. బెల్లం వేసి "నో యాడెడ్ షుగర్" అని రాయడం కూడా తప్పు. రుచి కోసం వేయండి, తాటిబెల్లం అయితే ఇంకా బాగుంటుంది. కానీ బెల్లంలో తేమ ఉంటుంది, నీళ్ల గురించి పైన చెప్పిందే ఇక్కడా. పొడిని తక్కువ వేడిలో బాగా ఆరబెట్టి, తీపి లేని కోకో ముద్దతో కలిపి గ్రైండర్‌లో తిప్పాలి. బజారులో కొన్న చాక్లెట్‌లో పంచదార ముందే ఉంటుంది, దాన్ని తీసి బెల్లం పెట్టే దారి లేదు.

అపోహ: గోదావరి జిల్లాల నుంచి కోకో గింజలు తెప్పించుకుని మనమే ఆడిస్తే చవక.

దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే, ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. ఆ మాట నిజం. చవక అన్న మాటే అబద్ధం. గింజను ఐదు నుంచి ఏడు రోజులు చెక్కపెట్టెల్లో పులియబెట్టి, తేమ 7 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టాలి. చాక్లెట్ రుచి పుట్టేది ఆ పులియడంలోనే. కొనే ముందు కొన్ని గింజలు నిలువునా కోసి చూడండి: గోధుమ రంగులో పగుళ్లుంటే సరిగ్గా పులిసినట్టు, ఊదా రంగులోనో పలకలాంటి బూడిద రంగులోనో గట్టిగా ఉంటే వగరే మిగులుతుంది. వేయించి, పొట్టు, తేమ పోగా కిలోకి ముప్పావు కిలో కాస్త అటూ ఇటూగా చేతికొస్తుంది.

తర్వాత రాతి గ్రైండర్‌లో ఒక రోజు నుంచి మూడు రోజుల వరకు ఆపకుండా తిరగాలి. మన ఇడ్లీ గ్రైండర్ల నుంచి పుట్టిన యంత్రాలే ఇప్పుడు ప్రపంచమంతా చిన్న చాక్లెట్ తయారీదారులు వాడుతున్నారు, కోయంబత్తూరు చలవ. అలాగని ఇంట్లో పప్పు రుబ్బే గ్రైండర్‌ను రెండు రోజులు తిప్పకండి, దాని మోటారు అందుకోసం చేసింది కాదు.

కోకో గింజల ధరల సంగతి సరేసరి. 2022లో అంతర్జాతీయంగా టన్ను రెండున్నర వేల డాలర్ల చుట్టుపక్కల ఉండేది. పశ్చిమ ఆఫ్రికాలో వానలు, తెగుళ్లు పంటను దెబ్బతీయడంతో 2024 డిసెంబరులో 12 వేలు దాటింది. 2025లో మళ్లీ పడిపోయింది. ఆ ఊపులో కొత్తవాళ్లు నిలబడటం కష్టం. నా సలహా: మొదటి ఏడాది మంచి కూవర్చర్ చాక్లెట్ (కోకో బటర్ ఎక్కువగా ఉండే, కరిగించి అచ్చు పోసుకునే అసలు చాక్లెట్) కొని, టెంపరింగ్, ప్యాకింగ్, అమ్మకం మీద చెయ్యి తిరగనివ్వండి. విశాఖలో బేకరీ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. ఎండాకాలం అయితే రాత్రి ప్రయాణంలో తెచ్చుకోండి.

అపోహ: ఇంట్లో చేసేదానికి లైసెన్సు ఎవరడుగుతారు?

ఎవరూ అడక్కపోయినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నేను తీసుకున్నప్పుడు ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపైతే రిజిస్ట్రేషన్, ఏడాదికి 100 రూపాయలు, ఆ సంస్థ వెబ్‌సైటు ఫోస్కాస్ పోర్టల్‌లోనే అంతా. దరఖాస్తు రోజున తాజా పరిమితి, ఫీజు ఒకసారి సరిచూసుకోండి. లేబుల్ మీద 14 అంకెల నంబరు, పచ్చ చుక్క, పదార్థాలు, బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, మీ చిరునామా ఉండాలి. పాలు, జీడిపప్పు, సోయా లెసిథిన్ ఉంటే ఆ సంగతి విడిగా రాయాలి. ఎలర్జీ ఉన్నవాళ్లకు అది ప్రాణం మీద మాట.

అపోహ: ధర తగ్గిస్తే జనం ఎగబడతారు.

"ఏటమ్మా, కంపెనీ చాక్లెట్ పది రూపాయలకే వస్తాది గదా, నీదేటి ఇంత?" ఈ ప్రశ్న మొదటి వారంలోనే వస్తుంది. పది రూపాయలతో పోటీ పడకండి, గెలవలేరు. లెక్క అర్థం కావడానికి గుండ్రటి అంకెలతో చూద్దాం. 50 గ్రాముల జీడిపప్పు బారు. కిలో వెయ్యి రూపాయల చాక్లెట్ 40 గ్రాములు, అంటే 40 రూపాయలు. కిలో 800 చొప్పున పది గ్రాముల పప్పు 8. రేకు, అట్టపెట్టె 10. మొత్తం 58. ఎమ్మార్పీ 120 పెట్టారు, దుకాణదారుడు పావు వంతు తీసుకున్నాడు, మీకు మిగిలింది 90. అందులోంచి 58 పోతే 32. కరెంటు, అద్దె, విరిగినవి, మీ కూలి, ఉంటే పన్ను, అన్నీ ఆ 32లోంచే. ఇప్పుడు చెప్పండి, ఎంత తగ్గిస్తారు?

అందుకే నేను దుకాణాల కన్నా ఆర్డర్లనే నమ్ముకున్నాను. ఏసీ లేని కొట్టులో పెట్టిన సరుకు కరిగితే వెనక్కి వచ్చేది మనకే. పెళ్లి సారె బుట్టలు, ఓణీల ఫంక్షన్ల రిటర్న్ గిఫ్టులు, విజయనగరం సిరిమానోత్సవానికి ఇంటికొచ్చే చుట్టాలకు ఇచ్చే డబ్బాలు: ఇక్కడ ధర మీద బేరం తక్కువ, రుచి మీద మాట ఎక్కువ. సగం డబ్బు ముందే తీసుకోవచ్చు కూడా.

జీఎస్టీ ఒక్క ముక్కలో: 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ల మీద 18 శాతం కాస్తా 5 అయింది. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఇచ్ఛాపురం దాటి బరంపురంలో ఒక్క డబ్బా అమ్మినా అది వేరే రాష్ట్రం, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. సరిహద్దులో ఉన్నవాళ్లు ఇది మర్చిపోతుంటారు.

అపోహ: ఎండాకాలం మూసేసుకోవడమే.

బార్లు, నింపిన చాక్లెట్లు ఆపేయడం మంచిదే, నేనూ ఆపేస్తాను. హోలీ తర్వాత నుంచి తొలకరి దాకా ఏసీ గది నడిపించడానికే డబ్బులు చాలవు. కానీ కరగని సరుకు ఉంది: కోకో పొడి, పంచదార, కాస్త యాలకుల పొడి కలిపిన పాలలో వేసుకునే మిక్స్, బ్రౌనీలు, కోకో పట్టించిన వేయించిన జీడిపప్పు. డబ్బాలో పోసి రాత్రి బస్సుకు ఆర్టీసీ కార్గోలో వేస్తే మే నెలలో కూడా క్షేమంగా చేరుతాయి. వైశాఖం పెళ్లికి చాక్లెట్లే కావాలని పట్టుబట్టేవాళ్లకు కాంపౌండ్‌తో చేసిస్తాను, బిల్లు మీద కాంపౌండ్ అనే రాస్తాను.