గోసాబా దీపాలు, తుమకూరు దుంగలు

పశ్చిమ బెంగాల్ సుందరవనాల్లోని గోసాబా లంకకు నది దాటి కరెంటు తీగలు రాని రోజుల్లో, 1997లో, అక్కడ కట్టెలతో నడిచే 500 కిలోవాట్ల విద్యుత్ కేంద్రం మొదలైంది. స్కాట్లాండ్ వ్యాపారి డేనియల్ హామిల్టన్ 1903లో భూములు తీసుకుని సహకార పద్ధతిలో ఊళ్లు నిలిపిన లంక అది. కేంద్రం నిర్వహణ కూడా స్థానిక సహకార సంఘానికే అప్పగించారు. అందుకోసమే పెంచిన తోటల నుంచి కట్టె తెచ్చి డీజిల్ వాడకం తగ్గించాలన్నది పథకం.

ఈ పద్ధతి మూలాలు వెతికితే బెంగళూరు తప్పక తగులుతుంది. పాత తరం ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అని పిలిచే ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో 1974లో శాస్త్రవేత్త అమూల్య రెడ్డి చొరవతో గ్రామీణ సాంకేతికత కోసం ‘అస్త్ర’ అనే విభాగం ఏర్పడింది. అక్కడివారు పట్టుకున్న సూత్రం కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు కరువై, వెనుక పెద్ద డబ్బా తగిలించుకుని తిరిగిన బొగ్గు బస్సులను మన తాతల తరం చూసింది. కట్టెను చాలీచాలని గాలితో కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన మండే వాయువు వస్తుంది. దాన్ని చల్లార్చి, తారు వడకట్టి, ఇంజనుకు పంపాలి. చిక్కంతా ఆ తారు దగ్గరే. కట్టె సరిగా ఆరకపోయినా, ముక్కలు ఒక కొలతలో లేకపోయినా అది ఇంజనులో పేరుకుని మొరాయిస్తుంది.

తుమకూరు జిల్లా హోసహళ్లిలో 1988లో 3.7 కిలోవాట్ల యంత్రంతో దీపాలు వెలిగాయి. తర్వాత 20 కిలోవాట్లకు పెంచి తాగునీరు, పిండిమర, పొలాలకు నీరు కూడా దానితోనే నడిపారు. ఊరి పక్కనే కట్టె కోసం నీలగిరి (యూకలిప్టస్) ఒక్కటే కాకుండా మరికొన్ని రకాల చెట్లు కలిపి పెంచారు. చిన్న ఊరు, చిన్న యంత్రం కాబట్టి లెక్క కుదిరింది.

లంక స్థాయికి వెళ్తే లెక్క మారుతుంది. యూనిట్‌కు సుమారు కిలో కట్టె అనుకుంటే, 500 కిలోవాట్ల యంత్రం రోజుకు ఆరు గంటలు పూర్తిగా నడవడానికి మూడు టన్నులు, ఏడాదికి దాదాపు 1,100 టన్నులు కావాలి. హెక్టారుకు ఏటా ఐదు టన్నుల దిగుబడి వేసుకున్నా 220 హెక్టార్లు, అంటే 540 ఎకరాల పైమాటే. అంత నేల ఎవరిదన్న ప్రశ్న యంత్రం నమూనాలో ఎక్కడా కనిపించదు.

ఆ ప్రశ్న కర్ణాటకలో అప్పటికే రోడ్డెక్కింది. హోసహళ్లిలో దీపాలు వెలగడానికి ఐదేళ్ల ముందు, 1983లో, అదే తుమకూరు జిల్లా రైతులు అటవీ నర్సరీలో నీలగిరి మొక్కలు పీకేసి చింత, మామిడి గింజలు నాటారు. తెలుగు మాట్లాడే ఊళ్లెన్నో ఉన్న కోలారు వైపు అప్పటికే రాగి చేలు నీలగిరి తోటలుగా మారుతున్నాయి. కూలీల బెడద లేదు, పశువులు మేయవు, ఒకసారి నాటితే మొద్దు నుంచి మళ్లీ చిగురిస్తుంది. భూమి ఉండి బెంగళూరులో ఉద్యోగం చేసుకునేవారికి ఇంతకన్నా సుళువైన పంట లేదు. అయితే దాని పక్క చేలో పంట ఎదగదన్నది, బోర్లు ఎండుతున్నాయన్నది రైతుల ఫిర్యాదు. రాష్ట్ర ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది.

అమెరికాలోని హవాయిలో ఇలాంటి కేంద్రం నడవడమూ, ఆగిపోవడమూ రెండూ కనిపిస్తాయి. కవాయి దీవిలో సుమారు 7 మెగావాట్ల కేంద్రం, తోటల్లో పెరిగిన చెట్లతో పాటు ఆ దీవిలో కలుపులా వ్యాపించిన అల్బీజియా చెట్లను కూడా కాలుస్తూ, సహకార విద్యుత్ సంస్థకు కరెంటు ఇస్తూ వచ్చింది. పెద్ద దీవిలో నీలగిరి తోటల మీద ఆధారపడదలచిన హోనువా ఓలా కేంద్రం మాత్రం కట్టాక కూడా ఆగిపోయింది: కరెంటు ఖరీదు ఎక్కువని, వెలువడే కార్బన్‌ను తిరిగి పీల్చుకోగలమన్న కంపెనీ హామీలు నమ్మదగ్గట్టు లేవని విద్యుత్ నియంత్రణ సంఘం 2022లో తిరస్కరించగా, 2023లో అక్కడి సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. చెట్టు కాలిన రోజునే కార్బన్ గాలిలో కలుస్తుంది, తిరిగి పీల్చుకోవాల్సిన మొక్క మాత్రం ఎదగడానికి ఏళ్లు తీసుకుంటుంది. ‘పునరుత్పాదక’ అన్న పేరు ఆ మధ్య కాలాన్ని లెక్కలోంచి తప్పిస్తుందన్నదే అసలు తగాదా.

గోసాబాకు తర్వాత గ్రిడ్ కరెంటు చేరింది, కట్టెల యంత్రం ఆగింది. కోలారు వైపు చింతామణి రోడ్డు మీద నీలగిరి దుంగల లారీలు ఇంకా వెళ్తూనే ఉన్నాయి. నిషేధం కొత్తగా నాటడం మీదే, పాత మొద్దులు చిగురించడం మీద కాదు.