నడిరోడ్డు మీద ఆగిన బంగారం వ్యాను, దాని వెనక ఇరవయ్యేళ్ల కథ

1991 జులైలో బొంబాయి రిజర్వు బ్యాంకు నుంచి విమానాశ్రయానికి బంగారం తీసుకెళ్తున్న వ్యాను ఒకటి దారి మధ్యలో ఆగిపోయింది. ఆ కాసేపూ కాపలావాళ్లకు ముచ్చెమటలు పట్టాయట. అప్పట్లో కేంద్ర ఆర్థిక శాఖలో ఉండి, తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరైన మన కడప జిల్లా వై.వి. రెడ్డి తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాసుకున్నారు.

దిగుమతులకు కట్టే డాలర్లు దేశం దగ్గర నిండుకుని, ఆ నెలలో దాదాపు 47 టన్నుల బంగారం విడతలు విడతలుగా దేశం దాటింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెడితే చేతికొచ్చింది సుమారు 40 కోట్ల డాలర్లు. అంతకుముందే, స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న 20 టన్నుల బంగారం స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్ బ్యాంకుకు వెళ్లింది. ఇంట్లో పుస్తెలతాడు తాకట్టుకు వెళ్తే పక్కింటికి తెలియకూడదని ఎంత తంటాలు పడతామో, ఢిల్లీ కూడా అంతే పడింది. అయినా నెల తిరక్కుండానే పత్రికలో వచ్చేసింది.

ఈ కథ చెప్పేవాళ్లు మామూలుగా, ప్రతి పరిశ్రమకూ సర్కారు అనుమతి కావాలన్న లైసెన్సు రాజ్‌తో మొదలుపెట్టి పి.వి., మన్మోహన్‌లతో ముగిస్తారు. తప్పేం లేదు గానీ అది సగమే. మెక్సికో, బ్రెజిల్, అర్జెంటీనా, ఫిలిప్పీన్స్, ఘనా మనకంటే ముందే అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) గుమ్మం ముందు నిలబడ్డాయి. వాళ్లెవరికీ మన లైసెన్సు రాజ్ లేదు. ఊరంతా జ్వరాలు పడితే ఒక్కో ఇంటి వంటనే తప్పుపట్టలేం కదా, నీళ్లు కూడా చూడాలి.

ఆ నీళ్లు చెడటం 1970ల్లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాతికేళ్లు ప్రపంచం అంతకుముందెన్నడూ ఎరగనంత వేగంగా ఎదిగింది. ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ లెక్క ప్రకారం 1950 నుంచి 1973 దాకా ప్రపంచ తలసరి ఆదాయం ఏటా 2.9 శాతం పెరిగింది. ఆ తర్వాతి పాతికేళ్లలో అది 1.3 శాతానికి పడిపోయింది. సగానికి సగం కూడా లేదు.

ఆ మంచి కాలానికి గుంజలాంటిది 1944లో అమెరికాలోని బ్రెట్టన్ వుడ్స్‌లో కుదిరిన ఏర్పాటు. మిగతా దేశాల కరెన్సీలు డాలరుకు కట్టి ఉండేవి, డాలరు బంగారానికి. ఔన్సుకు 35 డాలర్లు. వియత్నాం యుద్ధం ఖర్చులతో అమెరికా డాలర్లు గుమ్మరించేసరికి, అన్నింటికీ సరిపడా బంగారం దాని ఖజానాలో లేదని అందరికీ అర్థమైపోయింది. 1971 ఆగస్టు 15, ఆదివారం రాత్రి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టీవీలోకి వచ్చి, ఇక డాలరుకు బంగారం ఇవ్వం అన్నాడు. గుంజ ఊడింది.

రెండేళ్లకే, 1973 అక్టోబరులో, అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం. పీపా 3 డాలర్లున్న చమురు కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దగ్గరికి చేరింది. గల్ఫ్ దేశాలకు అంత డబ్బు ఒక్కసారిగా ఖర్చుపెట్టుకునే చోటు లేదు. కొంత కట్టడాల్లో పెట్టాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపనికి ఆడవాళ్లు ఎడారి దారి పట్టింది ఆ డబ్బు వెంటే. వాళ్లు పంపిన సొమ్ముతోనే మన దేశం డాలర్ల కొరత చాలావరకు పూడ్చుకుంది.

మిగిలిన చమురు డబ్బు న్యూయార్క్, లండన్ బ్యాంకుల్లో డిపాజిట్లుగా పడింది. డిపాజిట్‌కు వడ్డీ కట్టాలి కాబట్టి బ్యాంకులు అప్పు తీసుకునేవాళ్ల కోసం వెతికాయి. కంపెనీలు దివాలా తీస్తాయి గానీ దేశాలు తీయవు అన్నది అమెరికా బ్యాంకు సిటీకార్ప్ అధిపతి వాల్టర్ రిస్టన్ నమ్మకం. లాటిన్ అమెరికాకు బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి. ధరల పెరుగుదలతో పోలిస్తే వడ్డీ దాదాపు సున్నా. కానీ చాలా పత్రాల్లో ఒక మెలిక ఉంది: లండన్ మార్కెట్లో రేటు ఎంతుంటే వడ్డీ అంత. కమీషన్ కొట్టులో ఎరువులు అప్పుకు తెచ్చుకుంటూ, వడ్డీ ఎంతో కోతలయ్యాక చెప్తాలే అంటే తలూపినట్టు.

కోతల రోజు 1979 అక్టోబరు 6. అది శనివారం సాయంత్రం. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు ఛైర్మన్‌గా వచ్చి రెండు నెలలే అయిన పాల్ వోల్కర్, ఆరడుగుల ఏడంగుళాల మనిషి, చేతిలో ఎప్పుడూ చుట్ట, విలేకరులను పిలిపించాడు. ధరలను లొంగదీసేదాకా డబ్బు చెలామణీని బిగిస్తాం, వడ్డీ ఎక్కడికి పోతే అక్కడికి పోనీ అన్నది ఆయన చెప్పినదాని సారాంశం. వడ్డీ 20 శాతం దాకా పోయింది. ఇళ్లు కట్టే బిల్డర్లు, అమ్ముడుపోని కలప ముక్కలు కోసి, వాటి మీద మొర రాసి, ఆయనకు పోస్టులో పంపారు. కార్ల డీలర్లు, ఎవరూ కొనని కార్ల తాళంచెవులు పంపారు. రైతులు వాషింగ్టన్‌లో ఆయన ఆఫీసు చుట్టూ ట్రాక్టర్లు తిప్పారు. 1982 చివరికి అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతం. ధరలు మాత్రం దిగొచ్చాయి, అది ఒప్పుకోవాలి.

అమెరికా బిల్డరు కలప ముక్క పంపగలిగాడు. మెక్సికో కార్మికుడు ఏం పంపుతాడు? ఆ దేశం నెత్తిన దాదాపు 8,000 కోట్ల డాలర్ల అప్పుంది. వడ్డీ రెట్టింపు దాటింది, పైగా అది అమ్ముకునే చమురు ధర తగ్గుతోంది. 1982 ఆగస్టులో ఆర్థిక మంత్రి హేసుస్ సిల్వా హెర్జోగ్ విమానమెక్కి వాషింగ్టన్ వెళ్లి, ఇక కట్టలేం అని చెప్పేశాడు. తర్వాత వరసగా ఇరవై దేశాల పైనే అదే మాటన్నాయి.

ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చాయి, డాక్టరులా మందుల చీటీ కూడా రాసిచ్చాయి. కరెన్సీ విలువ తగ్గించు, సబ్సిడీలు కోయి, ప్రభుత్వ కంపెనీలు అమ్ము, దిగుమతులకు తలుపు తెరువు. కొత్త అప్పులో పెద్ద భాగం పాత బ్యాంకుల బాకీలకే పోయింది. మునిగిపోకుండా బయటపడింది ముందు ఆ బ్యాంకులేనని నా అభిప్రాయం. 1990లో లాటిన్ అమెరికా తలసరి ఆదాయం 1980 కంటే తక్కువ. వాళ్లు దాన్ని 'పోయిన దశాబ్దం' అంటారు. 1989లో జాన్ విలియమ్సన్ అనే ఆర్థికవేత్త ఈ చీటీని పది అంశాలుగా క్రోడీకరించి 'వాషింగ్టన్ ఏకాభిప్రాయం' అని పేరు పెట్టాడు. తన జాబితాకు జనం లేనిపోని అర్థాలు అంటగట్టారని తర్వాత ఆయనే వాపోయాడు.

అదే కాలంలో వేగంగా ఎదిగినవాళ్లు లేకపోలేదు. దక్షిణ కొరియా, తైవాన్, 1978 తర్వాత చైనా. ఎగుమతుల మీద కన్నేసిన మాట నిజమే గానీ, ఏ పరిశ్రమకు ఎంత అప్పివ్వాలో, విదేశీ సరుకుకు ఏ తలుపు ఎప్పుడు తీయాలో అక్కడి ప్రభుత్వాలే చూసుకున్నాయి. చీటీలో మందు కొంత వేసుకున్నాయి, కొంత కిటికీలోంచి పారేశాయి. చీటీ పాటించి బాగుపడిన చిలీని చూడండి అనేవాళ్లుంటారు. అక్కడ 1982-83లో పెద్ద బ్యాంకులు కూలి, ప్రభుత్వమే నెత్తికెత్తుకున్న సంగతి మాత్రం వాళ్లు చెప్పరు.

మన దగ్గరికి చీటీ ఆలస్యంగా వచ్చింది. 1980ల్లో మనం కొంచెం వేగంగానే ఎదిగాం, కానీ అప్పు మీద ఎదిగాం. ప్రవాస భారతీయుల డిపాజిట్లు, విదేశీ బ్యాంకుల స్వల్పకాలిక అప్పులు, అన్నీ భయమేస్తే తెల్లారేసరికి వెళ్లిపోయే డబ్బులే. 1990 ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌లోకి వెళ్లాయి. చమురు ధర ఎగిరింది. అక్కడ చిక్కుకున్న లక్షా డెబ్బై వేల మంది వరకు మనవాళ్లను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. నిన్నటిదాకా నెలనెలా డ్రాఫ్టు పంపినవాళ్లు చేతిసంచితో దిగారు. 1991 జూన్‌కు మన దగ్గరున్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు మించి రావు. జూన్ 21న పి.వి. ప్రధాని అయ్యారు. జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. 24న బడ్జెట్, ఎరువుల ధర 40 శాతం పెంపు. సొంత పార్టీ ఎంపీలే గోల చేస్తే 30కి దించారు.

1998లో ఆంధ్రప్రదేశ్ ప్రపంచ బ్యాంకు నుంచి నేరుగా 54 కోట్ల డాలర్ల అప్పు తీసుకుంది. మరుసటి ఏడాది విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. 2000లో కరెంటు చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న అసెంబ్లీకి బయల్దేరిన ఊరేగింపు మీద బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. మెక్సికోలో మొదలైన చీటీ మన ఇంటి కరెంటు బిల్లు దాకా వచ్చిందని ఆ రోజు అర్థమైంది.

అదే 1998లో కొరియన్లు బంగారంతో క్యూ కట్టారు. ఆసియా కరెన్సీ సంక్షోభంలో ఆ దేశం కూడా ఐఎంఎఫ్ దగ్గర 2,100 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. దాదాపు 35 లక్షల మంది పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజు ఉంగరాలు తెచ్చి ఇచ్చారు. 220 టన్నుల పైనే పోగైంది. మనం గుట్టుగా పంపినదాన్ని వాళ్లు బహిరంగంగా ఇచ్చారు. 2001 ఆగస్టుకు ఐఎంఎఫ్ బాకీ తీర్చేశారు.

అప్పటి నుంచి చాలా ఆసియా దేశాలు డాలర్లు కూడబెట్టే పనిలో పడ్డాయి, మనమూ అంతే. 2009లో ఐఎంఎఫే తన నిధుల కోసం కొంత బంగారం అమ్మకానికి పెట్టింది. 670 కోట్ల డాలర్లిచ్చి 200 టన్నులు కొనుక్కుంది మన రిజర్వు బ్యాంకు.