అటుకుల ముద్ద, పలకరాయి, విక్టోరియా కాలపు పైకప్పు

విక్టోరియా రాణి కాలంలో (1837–1901) బ్రిటన్‌లో కట్టిన ఇళ్లకు రాతిపలకలు కప్పారు కదా, ఆ బరువుకు దూలాలు కుంగవా అని ఒక పాఠకుడు అడిగారు. కుంగవు, ఆ కప్పు మట్టిపెంకుల కప్పు కన్నా తేలిక. ఉత్తర వేల్స్‌లోని పెన్రిన్, డినోర్విక్ గనుల రాయి ఉలి దెబ్బకు కొద్ది మిల్లీమీటర్ల మందాన నున్నగా చీలుతుంది. మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దినవారికి ఆ నునుపు తెలిసినదే.

బురద పొరలుగా పేరుకుని రాయైంది కనుక ఆ పొరల వెంటే చీలుతుందని బడిలో చెప్పేస్తుంటారు. అది తప్పు. గుప్పెడు తడి అటుకులను గిన్నెలో పోస్తే ఎటుపడితే అటు పడతాయి. వాటిని రెండు అరచేతుల మధ్య నొక్కితే ప్రతి అటుకూ అరచేతికి సమాంతరంగా ఒరుగుతుంది. ముద్ద ఇక ఆ దిశలోనే విడిపోతుంది, గిన్నెలో ఏ వరుసన పడిందన్నది దానికి పట్టదు. పలకరాయిలో అటుకులు అభ్రకం రేకులు, అరచేతులు పర్వతాలను పుట్టించిన పీడనం. రాతిని పలచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూసిన ఇంగ్లండు భూవిజ్ఞాని హెన్రీ సోర్బీ 1853లోనే ఈ అమరికను వివరించాడు. అయితే అటుకులు ఒరగడంతో సరిపెట్టుకుంటాయి. రాతిలో ఆ వేడికీ ఒత్తిడికీ కొత్త అభ్రకం కూడా అదే దిశలో పెరుగుతుంది. వేల్స్ ఊదారంగు పలకల్లోని ఆకుపచ్చ మచ్చలు ఒకప్పుడు గుండ్రటివి, ఇప్పుడు నొక్కిన ఉండల్లా చదునుగా ఉంటాయి. పాత బురద చారలు చాలాచోట్ల చీలికకు అడ్డంగా కనిపిస్తాయి.

పలకల కొలతలకు కులీన స్త్రీల బిరుదులు పెట్టడం అక్కడి వేడుక: డచెస్ 24×12 అంగుళాలు, కౌంటెస్ 20×10, లేడీ 16×8. ప్రతి పలకా తన కింది వరుసనే కాక, దాని కింది వరుస పైఅంచును కూడా కప్పాలి. ఆ కప్పుదల 3 అంగుళాలైతే, కౌంటెస్ పొడవులోంచి దాన్ని తీసివేసి మిగిలిన 17లో సగం, అంటే ఎనిమిదిన్నర అంగుళాలే బయటికి కనిపిస్తుంది. ఇంత రాయిని దాచిపెట్టడానికి కారణం, పలకల సందులో నీరు కేశనాళికీయత వల్ల పైకి ఎగబాకడమే. వాలు తగ్గేకొద్దీ కప్పుదల పెరగాలి. కనుక ఆ ఇళ్ల నిటారు కప్పులు అందం కోసమే కట్టినవి కావు. అమెరికాలో అదే కాలపు మాన్సార్డ్ కప్పుకు (ప్రతి పక్కా రెండు వాలులుండే కప్పు) కింది ముఖం దాదాపు గోడలా నిలబడుతుంది. అక్కడ నీరు నిలవదు కాబట్టి, వీధిలోకి కనిపించే ఆ భాగంలో చేపపొలుసు, షడ్భుజి ఆకారపు పలకలతో ముగ్గులు తీర్చారు. శంఖువు ఆకారపు బురుజుల మీదనైతే పైకి పోయేకొద్దీ పలకలను సన్నగా చెక్కవలసి వచ్చేది.

నూరేళ్లు దాటిన కప్పు కారుతున్నదంటే చాలాసార్లు తప్పు రాతిది కాదు, ఇనుప మేకులది. అవి తుప్పుపట్టి తెగినప్పుడు పలకలు జారుతాయి. పనివారు వాటిని దింపి, వేలితో తట్టి, గణగణ మోగినవాటిని రాగి మేకులతో మళ్లీ అదే కప్పుకు బిగిస్తారు.