కర్నూలు పడమటి పల్లెల్లో సార్లు ఎందుకు నిలవరు?

2025 మెగా డీఎస్సీలో రాష్ట్రమంతా కలిపి 16,347 టీచరు పోస్టులు. ఉమ్మడి అనంతపురానికి 807, కడపకు 705 వస్తే, ఒక్క ఉమ్మడి కర్నూలుకే 2,645. ఏ జిల్లాకూ ఇన్ని లేవు. కోచింగ్‌కు పోయే పిల్లలు సంబరపడ్డారు. నాకు మాత్రం ఆ అంకెలో ఇన్నేళ్లుగా సారు లేని తరగతి గదులే కనిపించాయి.

సర్కారు ఉద్యోగానికి రాజీనామా పెట్టే టీచరు అరుదు. బదిలీ పెట్టుకుని పోయేవాళ్లే ఎక్కువ. కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు పోస్టింగ్ పడితే, చేరిన రోజు నుంచే ఎప్పుడు బయటపడదామా అన్న లెక్క మొదలవుతుంది.

ఈ సార్ల కరువు పాతదే. అనంతపురం, ఆదోని ప్రాంతాలు అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేవి. 1823లో ఆ జిల్లా కలెక్టర్ క్యాంప్‌బెల్ 533 బడులను లెక్కగట్టి, పది లక్షలకు దగ్గరి జనాభాలో బడికెళ్లేవాళ్లు ఏడు వేలు కూడా లేరని రాశాడు. ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేవని, జనం పేదలైపోవడమే అందుకు కారణమని కూడా రాశాడు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే దానిమీద బతికే పంతులు, ఊరు చితికితే ఇంకెక్కడ నిలుస్తాడు?

తర్వాత సర్కారు జీతం వచ్చింది కానీ, తక్కువ ఖర్చుతో టీచర్లను పెట్టుకునే అలవాటు పోలేదు. 1980ల్లో నెలకు రూ.398తో స్పెషల్ టీచర్లను తీసుకున్నారు. ఆ సర్వీసు లెక్కలోకి రావాలని వాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. తర్వాత అప్రెంటిస్‌లు, విద్యా వలంటీర్లు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. 2003 డీఎస్సీ రాసినవాళ్లు నియామకాలు ఆలస్యమై ఆ గీతకు అవతల పడ్డారు. ఇప్పుడు ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ (టీచరు అర్హత పరీక్ష) పాస్ కావాలని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన సార్లకు అదో టెన్షన్.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది బదిలీలో ముందు అవకాశమిచ్చే పాయింట్ల పద్ధతి. పట్నం దగ్గరి బడిలో ఏడాదికి ఒక పాయింటు, మారుమూల బడిలో ఐదు. పైగా పట్నంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు) ఎక్కువ, పల్లెలో తక్కువ. అంటే కష్టమైన చోట పనిచేసినందుకు ఇచ్చే బహుమానం, అక్కడి నుంచి వెళ్లిపోయే అవకాశమే! దీన్ని వాడుకున్న టీచర్లను తప్పుపట్టలేను. అద్దెకు ఇల్లు దొరకని ఊళ్లో ఆడపిల్ల ఒక్కతే ఎలా ఉంటుంది?

పొద్దున ఏడున్నరకు ఆదోని బస్టాండులో నిలబడి చూడండి. క్యారియర్ బ్యాగులు పట్టుకున్న టీచర్లు పల్లె బస్సు కోసం వరసగా ఉంటారు. దిగాక ఆటో, ఆపైన నడక. దీపావళి దాటాక బడికి చేరేసరికి సగం బెంచీలు ఖాళీ. ఓ పాపను అడిగితే, "అమ్మావాళ్లు సుగ్గికి పోయినారు సార్, చెల్లెల్ని నేనే చూసుకోవాల" అంటుంది. సుగ్గి అంటే కూలి పనికి వలస పోవడం. నేర్పిన అక్షరాలు పిల్లలు వలస నుంచి వచ్చేసరికి చెరిగిపోతే, ఏటా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మనిషిని లోపల నుంచి అలసిపోయేలా చేసేది ఇదే.

ప్రైవేటులో అయితే ఏకంగా వృత్తినే వదిలేస్తారు. నేను నాలుగేళ్లు పనిచేసిన స్కూల్లో ఆర్డరు కాగితం ఇవ్వరు, వేసవి జీతం ఉండదు. మా లెక్కల సారు 2020 లాక్‌డౌన్‌లో కూరగాయల బండి పెట్టుకున్నాడు. బడి తెరిచాక పిలిచినా రాలేదు.

ఉంచుకోవాలంటే ఉండే వీలు చూపాలి. మండల కేంద్రంలో నీళ్లొచ్చే క్వార్టర్లు కట్టాలి. అక్కడే ఉండి పనిచేసేవాళ్లకు పట్నం హెచ్‌ఆర్‌ఏకు మించిన అలవెన్సు ఇవ్వాలి. పిల్లలు సుగ్గికి పోకుండా సీజనల్ హాస్టళ్లు సమయానికి తెరవాలి. ఆ మండలాల ఆడపిల్లలకు బి.తాండ్రపాడు డైట్‌లో (టీచరు శిక్షణ కాలేజీలో) స్టైపెండు ఇచ్చి చదివించి, సొంత మండలంలోనే పోస్టింగ్ ఇవ్వాలి. 2023 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ప్రైమరీ బడికి బీఈడీ చెల్లదు కాబట్టి డీఎడ్ (ప్రైమరీ టీచరు శిక్షణ) చదివినవాళ్లే కావాలి. ఇవన్నీ కొత్త డీఎస్సీ వాళ్లకు తొలి బదిలీల కౌన్సెలింగ్ వచ్చేలోపే జరగాలి. ఆలస్యమైతే వాళ్లు అప్పటికే వెబ్ ఆప్షన్లు పెట్టేసి ఉంటారు.